దూది వెంట్రుకల దడి

"మా కుక్క వెంట్రుక ఒక్కటి గట్టు మీద పడితే సాలు, అడివి పంది ఫర్లాంగు దూరంల ఆగి, దండం పెట్టి, ఎనకకు మళ్లుతది" అన్నాడు మల్లప్ప, ప్రకాశం సెలూన్‌లో గడ్డానికి నురగ పట్టించుకుని, కుర్చీలో వెనక్కి వాలి.

నిజానికి ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కను తిప్పుకురావాలి. దువ్వాలి. రాలిన బొచ్చును కవర్లో కట్టి చెత్త బండిలో వేయాలి. గడ్డం గీయించుకుని ఇంటికి పోయి జొన్నరొట్టె తినాలి. చెత్త బండి ఆ రోజు రాలేదు. బొచ్చు కవరు ఆయన చేతిలోనే మిగిలిపోయింది. తక్కిన కథంతా ఆ కవరు వల్లనే.

మల్లప్ప మొగుడంపల్లి బడిలో ఏడో తరగతి దాకా చదివి, చెరుకు ఫ్యాక్టరీ కాటా దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసి, ఇప్పుడు జహీరాబాద్‌లో భార్య ఎంకమ్మతో తీరిగ్గా కాలం గడుపుతున్నాడు. చెరుకు బండ్లను కిలో తేడా రాకుండా తూచిన మనిషే. కాటా దిగాక మాటను మాత్రం ఏనాడూ తూచలేదు. ఆయన చెప్పిందాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసి వినాలని సెలూన్‌కు వచ్చేవాళ్లందరికీ తెలుసు. తెలిసీ వింటారు. టీవీ కంటే నయమని ప్రకాశం కూడా ఆయన్ని కుర్చీలో ఓ పావుగంట ఎక్కువే కూర్చోబెడతాడు.

ఇక కుక్క సంగతి. అది పొట్టి కాళ్ల మీద పెట్టిన తెల్ల పరుపులా ఉంటుంది. ముప్పై కిలోలకు పైనే బరువు. తమలపాకుల్లా వేలాడే చెవులు, వాటి మీద నిమ్మపండు రంగు మచ్చలు, మూతి మీద ఎవరో పసుపు చిలకరించినట్టు చుక్కలు. కింది రెప్పలు జారి ఉండటం వల్ల ఎప్పుడు చూసినా ఎవరి కష్టమో విని వచ్చినట్టు కనిపిస్తుంది. నడిస్తే నిండు చెరుకు బండి గతుకుల్లో పోతున్నట్టు ఊగుతుంది. జాతి పేరు క్లంబర్ స్పానియల్. ఇంగ్లండు దొరలు దట్టమైన పొదల్లో నక్కిన పక్షులను లేపడానికి, కొట్టిన పిట్టను వెతికి తెప్పించుకోవడానికి పెంచిన వేట కుక్క. తక్కిన వేట కుక్కల్లా అరుచుకుంటూ ఉరకదు. చప్పుడు లేకుండా పొదలోకి దూరుతుంది, చప్పుడు లేకుండా బయటికి వస్తుంది. నోట పట్టుకున్నదాని మీద పంటి గాటు పడనివ్వదు. వచ్చిన మూడో రోజున పక్కింటి కోడి గంప కింది నుంచి ఒక గుడ్డును నోట పెట్టుకుని గోడ పక్కనుంచి నడిచొచ్చి ఎంకమ్మ ఒడిలో పెట్టింది. గుడ్డుకు చిన్న పగులు కూడా లేదు. ఒడి మాత్రం చొంగతో తడిసిపోయింది.

"దొంగదే గని, పని తెలిసిన దొంగ" అని ఎంకమ్మ ఆ రోజే ఒప్పుకుంది. ఆ కుక్కకు డ్యూక్ అని పెద్ద పేరు ఉండేది. ఎంకమ్మ చీరల మీద, మంచం మీద, చివరికి పచ్చడి జాడీ మూత మీద కూడా దాని తెల్ల బొచ్చు ఎగిరి పడేది గనుక, ఆవిడ దానికి దూది అని పేరు మార్చేసింది. ఆ పేరుకు అదీ పలికింది.

దూదిని తెచ్చింది మనవరాలు స్నిగ్ధ, కూతురి కూతురు. పశువుల డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉంది. కూనూరులో టీ తోటల పెద్దాయన ఒకరు వయసు మీదపడి సాకలేక ఆమెకు అప్పగించారు. హాస్టల్లో కుక్కలను ఉండనివ్వరు. బెంగళూరులో ఇలాంటి అరుదైన కుక్కలను పెంచే ఒకావిడ నాకివ్వండి నాకివ్వండని అడుగుతోంది. స్నిగ్ధ మాత్రం తాత ముఖం చూసి ఆగింది.

"రెండు వారాలు నీ దగ్గర పెడ్త తాతా. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం వస్త. అప్పటికి దీని చెవులు, కండ్లు, బరువు, బొచ్చు అన్ని మంచిగుంటే నీకే. ఏ ఒక్కటి తేడా ఉన్నా బెంగళూరుకు పంపిస్త" అని చెప్పి, నోటుబుక్కు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి పోయింది. ఎండ ఎక్కకముందే తిప్పాలి, వేడికి ఈ జాతి ఓర్వదు. వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది, తుడవాలి. తిండి కొలిచి పెట్టాలి, అది జాలిగా చూసిందని ఇంకో ముద్ద వేయొద్దు. మెట్ల మీది నుంచి దూకనివ్వొద్దు, నడుం పోతుంది. రోజూ దువ్వాలి. ఆ కింద రెండు గీతలు గీసి మరీ రాసింది: ఎట్టి పరిస్థితుల్లోనూ బొచ్చు గొరిగించొద్దు.

పెళ్లి అయ్యాక మల్లప్ప ఎవరి మాటా అంత శ్రద్ధగా పాటించి ఎరగడు. పొద్దున్నే తడి గుడ్డతో దూది కళ్లు తుడుస్తూ రాత్రి తనకొచ్చిన కలలన్నీ చెప్పేవాడు. అది వేలాడే రెప్పల్లోంచి చూస్తూ, ఒక్క మాటకూ అడ్డం రాకుండా వినేది. ఇన్నేళ్లలో ఆయన మాటను సగం తీసేయకుండా పూర్తిగా విన్న ప్రాణి అదొక్కటే. దాన్ని బెంగళూరుకు పంపడమంటే ఆయనకు ఊపిరాడేది కాదు.

సరే, సెలూన్‌లో ఆ పొద్దున పాండు ఉన్నాడు. మొగుడంపల్లి రైతు, మల్లప్పకు వరసకు అన్న కొడుకు. రెండెకరాల్లో ఆలుగడ్డ పెట్టాడు. పక్కనే ఎవరిదో నాలుగెకరాల చెరుకు తోట. పగలంతా అడవి పందులు చెరుకులో పడుకుని, పొద్దు గూకాక వచ్చి ఆలుగడ్డ చాళ్లను ముట్టెలతో దున్నిపోతున్నాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టి చూశాడు. పందులు చీరల కింది నుంచి దూరాయి. ఇక మిగిలింది ఆ చుట్టుపక్కల రైతులు చేసే మరో ఉపాయం: సెలూన్‌లో ఊడ్చిన వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లడం. నేల వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి వెంట్రుక పోతే చిరాకుపడి వెనక్కి మళ్లుతుందని నమ్మకం.

"ఒక్క సంచి వెంట్రుకలు ఇయ్యే ప్రకాశమన్నా" అని బతిమాలుతున్నాడు పాండు.

"నిన్ననే న్యాల్‌కల్ వాళ్లు మొత్తం ఊడ్సుకపోయిన్రు. నెల దినాలు ఆగు" అన్నాడు ప్రకాశం.

"నెలకు నా ఆలుగడ్డ ఏడుంటదన్నా? పందుల కడుపుల ఉంటది."

ఇదిగో, ఇక్కడే మల్లప్ప నురగ మూతితో ఆ మాట అన్నాడు. ప్రకాశం కత్తి ఆపి అద్దంలోంచి చూశాడు.

"ఏ కుక్కనే? మొన్న మా దుకాణం ముంగట పండుకొని గురక పెడితే నాకు కత్తెర సప్పుడు ఇనరాలే. ఆ కుక్కనా?"

"అది గురక గాదు ప్రకాశం. శికారి కుక్క నిద్రల గూడ పంటికింద పందిని నముల్తది. దాని తాతముత్తాతలు ఇంగ్లండు దొరల బంగ్లాల్ల పుట్టినయి. వాసన అసుంటిది. పాండూ, ఇగో, ఈ కవరు తీస్కపో. పిడికెడే సల్లు. మొత్తం సల్లితే ఈడి పందులన్ని మహారాష్ట్రకు ఉరుకుతయి, ఆ సర్కారు మనమీద కేసు ఏస్తది."

చెత్తలో వేయాల్సిన కవరు అలా పాండు సంచిలో పడింది. మల్లప్ప తేలిక ప్రాణంతో ఇంటికొచ్చి రొట్టె తిని ఆ విషయం మరిచిపోయాడు.

బుధవారం పొద్దున గేటు దగ్గర పాండు బండి ఆగిన చప్పుడు విని ఆయన బాత్రూంలో దూరి గొళ్లెం పెట్టుకున్నాడు. కాసేపటికి ఎంకమ్మ తలుపు కొట్టింది.

"బయటికి రా. పాండు కందికాయలు తెచ్చిండు, చెరుకు గడలు తెచ్చిండు. కొట్టెటోడు కందికాయలు తెస్తడా?"

పాండు కళ్లు మెరుస్తున్నాయి. "కాకా, మూడు దినాలాయె. ఒక్క చాలు కదిలితే ఒట్టు. చాళ్లల్ల పంది అడుగు గూడ కనవడలే. ఏం కుక్కనే అది."

ఆ క్షణంలో జహీరాబాద్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయిన మనిషి మల్లప్పే. అయినా ముఖం సర్దుకున్నాడు. "మరి నేనేమన్న?" అన్నాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే అంతటితో ఆగేదేమో. పొద్దు గూకేసరికి గేటు ముందు ఆరుగురు రైతులు, ఆరు ఖాళీ సంచులు. దూది ఎంత ధారాళంగా బొచ్చు రాల్చినా రోజుకు ఒక్క కవరే. కాదని పంపడం మల్లప్పకు రాదు. అందరికీ తలా కొంచెం ఇస్తానని మాటిచ్చి, దువ్వెన పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున, పగలు, సాయంత్రం, అన్నం తిన్నాక ఒకసారి. దూది వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్లూ గాలిలో వదిలేసి, ఈ ఇంట్లో తనకు దక్కుతున్న మర్యాదకు తనే పొంగిపోయింది.

"నా తలకు ఒక్కనాడు నూనె రాసిన పాపాన పోలే. దానికి నాలుగు పూటలు దువ్వుతున్నవ్" అంది ఎంకమ్మ.

"నీ వెంట్రుకకు పందులు భయపడవే."

"నువ్వు భయపడ్తవ్ గద, అది సాలు."

అయినా గురువారం సాయంత్రానికి కవర్లు నిండలేదు. మల్లప్ప మెల్లగా సెలూన్‌కు పోయి, ఎవరూ లేనప్పుడు ప్రకాశం చెవిలో అడిగాడు. "తెల్లగున్నయి ఏమన్న ఉంటే జర ఏరి పెట్టు."

ప్రకాశం మూల నుంచి పొట్లం తీశాడు. "రిటైరైన సార్లు ఇద్దరు వచ్చిన్రు పొద్దుగాల. సరిపోతదా?"

సరిపోయింది. సగం దూదివి, సగం సార్లవి కలిపి ఆరు కవర్లు కట్టి పంపాడు. మనసులో ఎక్కడో గుచ్చుకుంది గాని, వేటకుక్క సరే, లెక్కల సారు వాసనకు మాత్రం పంది ఆగదా అని సర్దిచెప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆటో దిగింది నాగరాణి. న్యాల్‌కల్ పక్క ఐదెకరాల శనగ, నలభై గొర్రెలు ఉన్న మనిషి. ఎవరి దగ్గరా కవరు కోసం చెయ్యి చాచే రకం కాదు. పాండు, మరో నలుగురు రైతులు వెనకే వచ్చారు. నాగరాణి అరుగు మీద కూర్చుని, చేతి సంచిలోంచి ఉన్ని తీసే కత్తెర బయటపెట్టింది. దాని బ్లేడ్లు జానెడు జానెడు ఉన్నాయి. వాటిని చీర చెంగుతో తుడుస్తూ దూదిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. దూది వచ్చి ఆమె చెప్పు ఒకటి నోట పట్టుకుని, ఆమె ఒళ్లోనే పెట్టింది.

"మంచి బొచ్చు. మంచి బుద్ధి" అంది నాగరాణి. "కవర్లు గివర్లు ఏంది పెద్దయ్యా, ఒక్కపాలి గొరిగితే ఊరూరికి సరిపోతది. పావుగంట పని. గొర్రెకు తెల్వకుంటనే తీస్త."

ఎల్లుండే ఆదివారం. ఫ్రిజ్ మీది రెండు గీతలు మల్లప్ప కళ్లముందు ఆడాయి. గొరిగిన కుక్కను చూపించి, స్నిగ్ధకు ఏ కథ చెప్పినా నిలవదు. చెప్పడానికి కథలు అయిపోయిన మనిషి చేసే చివరి పనే ఆయన చేశాడు. నిజం చెప్పాడు.

"నాగరాణీ, ఇను. పాండూ, నువ్వు గూడ ఇను. నేను అబద్ధం చెప్పిన. ఆ వెంట్రుకల ఏ మహిమ లేదు. చెత్త బండి రాక పాండుకు అంటగట్టిన."

పాండు మిగతా వాళ్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"మా కాక అబద్ధం చెప్పిన అని ఒప్పుకున్నడు. నేను పుట్టినప్పటి సంది ఎన్నడన్న ఒప్పుకున్నడా? అంటే ఏదో పెద్ద సంగతే ఉన్నది."

"చిరాగ్‌పల్లి వాళ్లకు మాటిచ్చినవా పెద్దయ్యా?" అంది నాగరాణి. "రోడ్డు మీది ఊరు గదా, ముందుగాల వచ్చి అడిగుంటరు."

"ఎవలకు మాటియ్యలేదమ్మా. నిన్న ఇచ్చిన కవర్లల్ల సగం రిటైరైన సార్ల వెంట్రుకలు. పోయి ప్రకాశాన్ని అడుగుండ్రి."

వెనక నిలబడ్డ రైతు ఒకాయన తల ఊపాడు. "అందుకే గంత పని చేసింది. సార్లంటే ఇప్పటికి నాకే వణుకు. పంది ఎంత."

మల్లప్ప ఇంకా రెండు నిజాలు చెప్పాడు. చెప్పిన కొద్దీ దూది విలువ పెరిగింది. చివరికి నాగరాణి తీర్పు చెప్పింది.

"రేపు పొద్దుగాల కుక్కను పాండు చేనుకు తీస్కరా. చెరుకు అంచు పొంటి ఒక్క తిప్పు తిప్పు. లోపల పందులు ఉండనే ఉన్నయి. దీని వాసనకు అవి లేచి ఉరికితే మహిమ ఉన్నట్టు. అప్పుడు నేను గొరుగుత, నువ్వు అడ్డం రావద్దు. ఉరకకుంటే నీ మాటే నిజం, మా తొవ్వ మాది."

ఆ రాత్రి మల్లప్ప జీవితంలో మొదటిసారి తన గొప్పలు తేలిపోవాలని దేవుణ్ని మొక్కుకున్నాడు.

శనివారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. ఆటోలో దూది మల్లప్ప ఒళ్లో తల పెట్టుకుని చొంగ కారుస్తూ వచ్చింది. పాండు చేను దగ్గర ట్రాక్టరు ట్రాలీ, దాని చుట్టూ పదిమంది. నాగరాణి చేతిలో కత్తెర.

"బిడ్డా, ఏం చెయ్యకు" అని కుక్క చెవిలో చెప్పాడు మల్లప్ప. "నీ బతుకు మీద నీకు తీపి ఉంటే, ఊకె నడువు."

దూది ఊకె నడిచింది. గట్టు వెంట ఊగుతూ, ప్రతి గడ్డిపోచనూ పలకరిస్తూ సగం చేను తిరిగింది. చెరుకులో ఆకు కదలలేదు. మల్లప్ప ముఖం వెలిగింది. నాగరాణి కత్తెర సంచిలో పెట్టబోయింది.

అప్పుడు దూది ఆగింది. మూతి నేలకు ఆనించింది. తోక చిన్నగా ఆడటం మొదలెట్టింది. అన్నాళ్లూ అన్నం గిన్నె ముందు తప్ప ఎక్కడా తొందరపడని ఆ పరుపులో ఏదో మేలుకుంది. ముక్కు రంధ్రాలు విచ్చుకున్నాయి. వేలాడే కళ్లు వేరే కుక్క కళ్లలా మారాయి. మల్లప్ప పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. ఆ బరువు ఒక్కసారి ముందుకు వాలితే పట్టీ ఆయన వేళ్లలోంచి తాడు జారినట్టు జారిపోయింది. దూది చెరుకులోకి దూరింది. చప్పుడు లేదు. ఎండిన చెరుకు ఆకుల మీద పిట్ట నడిచినా గలగలమంటుంది. అంత కుక్క పోతే మాత్రం ఏమీ వినిపించలేదు. మల్లప్పకు ఆ భయంలోనూ గర్వం కలిగింది. దొరలు ఊరికే పెంచలేదు దీన్ని.

"దూదీ" అని పిలిచాడు. లోపల పందులున్నాయి. కోర ఒక్కటి తగిలితే స్నిగ్ధకు ఏం చూపించాలి? బొచ్చు మాట దేవుడెరుగు, కుక్కే మిగలదు.

అయిదు నిమిషాలు గడిచాయి. చెరుకు ఆకులు విచ్చుకుని దూది బయటికొచ్చింది. వచ్చిన నడకే. నోట్లో ఏదో ఉంది. మల్లప్ప ముందు దాకా వచ్చి, తల వంచి, గుడ్డును ఎంకమ్మ ఒడిలో పెట్టినంత పదిలంగా ఆయన చెప్పు మీద పెట్టింది. అడవి పంది పిల్ల. గోధుమ రంగు ఒంటి మీద నిలువు చారలు, పిడికిలంత ముఖం. చిన్న గాటు కూడా లేదు. చొంగతో తడిసి మెరుస్తోంది. దాని వీపుకు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"అరె, పిల్ల" అన్నాడు పాండు ముచ్చటగా.

పిల్ల నోరు తెరిచి కీచుమని అరిచింది. చెరుకు తోట లోపల నుంచి దానికి జవాబొచ్చింది.

ఆ తర్వాత పదిమంది ఒకే ట్రాలీ మీదికి ఎలా ఎక్కారో ఎవరికీ జ్ఞాపకం లేదు. నాగరాణి ట్రాక్టరు ఇంజను మీద ఉంది, కత్తెర చేతిలోనే ఉంది. పాండు పైన నిలబడి సెల్‌ఫోను తీసి వీడియో పట్టాడు. తల్లి పంది చెరుకును చీల్చుకుంటూ వచ్చింది. మెడ మీది జూలు నిక్కబొడుచుకుని, నల్లటి రోలు దొర్లినట్టు వచ్చింది. మల్లప్ప మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. చేతికర్ర ముందుకు చాపి, కుక్కకూ పందికీ నడుమ, కదలకుండా.

పంది నాలుగడుగుల దూరంలో నిలిచిపోయింది. బుస్సుమంది. దూది అరవలేదు, మీదికి పోలేదు. అతిథి వచ్చినట్టు తోక ఆడించింది. పిల్ల లేచి, తడబడుతూ పరుగెత్తి తల్లి పొట్ట కింద దూరింది. తల్లి దాన్ని ముట్టెతో ఆ పక్క ఈ పక్క వాసన చూసింది. ఏ గాయమూ లేదని తేల్చుకుందేమో, మల్లప్పను ఎగాదిగా ఒకసారి చూసి, వెనక్కి తిరిగి చెరుకులోకి పోయింది. కాసేపటికి తోట ఆ చివర నుంచి తల్లి ముందు, వెనక వరసగా ఆరు పిల్లలు బయటికొచ్చి, వాగు దాటి కర్ణాటక దిక్కున పోయాయి. ఈ చోట ఇరుగుపొరుగు మంచిది కాదని అనుకుని ఉంటుంది.

ఎండ పొడిచాక, కర్రలు పట్టుకుని నలుగురూ చెరుకులోకి పోయి చూశారు. గట్టుకు పది గజాల లోపలే పంది ఈనిన చోటు ఉంది. ఎండుటాకులు గుట్టగా పోసి నడుమ గుంట చేసి ఉంది. ఆ గుంటలో ఒత్తుగా, మెత్తగా, తెల్లటి పరుపు. పాండు చల్లిన వెంట్రుకలన్నీ అక్కడే ఉన్నాయి. పంది ఒక్కటి కూడా వదలకుండా ముట్టెతో ఊడ్చుకుపోయి, పిల్లలకు పక్క వేసింది. ఇన్ని రోజులు ఆలుగడ్డ వైపు రాకపోవడానికి కారణం అదే: పచ్చి బాలింత పిల్లలను వదిలి ఎక్కడికీ కదల్లేదు, మిగతా పందులను దగ్గరికి రానివ్వలేదు.

నాగరాణి వంగి ఆ పరుపును వేళ్లతో ఒత్తి చూసింది. "గొరిగి ఉంటే ఇంకో పది పందులకు కాన్పు పరుపులైతుండె" అని కత్తెర సంచిలో వేసుకుంది.

"మరి కుక్క లోపలికి ఎందుకు పోయినట్టు?" అన్నాడు పాండు.

మల్లప్ప దూది మెడ నిమురుతూ హాయిగా నవ్వాడు. ప్రాణం లేచొచ్చిన నవ్వు. "నేను కూసిన కోతలన్ని తీసెయ్యి పాండూ. ఇది పందుల మీదికి పోలే. దీని వాసన దీనికే తగిలింది. నా బొచ్చు ఈడికి ఎట్ల వచ్చింది, చూద్దామని పోయింది. బొచ్చు తేరాలే, దానికి అంటుకున్న పిల్లను తెచ్చింది. అసుంటి ముక్కు, అసుంటి నోరు. పంది పిల్ల ఒంటి మీద ఒక్క గీత పడలే, చూసినవ్ గద? శికారి అంటే చంపుడు గాదురా, చంపకుండ తెచ్చుడు."

ఇది మాత్రం ఎవరూ సగం చేసుకోకుండా విన్నారు.

ఆదివారం స్నిగ్ధ వచ్చింది. బూట్లు విప్పకముందే కుక్క చెవులు ఎత్తి చూసింది. శుభ్రం. కింది రెప్పలు లాగి చూసింది. ఎర్రదనం లేదు. పొట్ట కింద చెయ్యి పెట్టి పక్కటెముకలు తడిమింది. ఒళ్లు చేయలేదు. బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి ఆగిపోయింది.

"ఇంత మంచిగ దువ్విన బొచ్చు మా కాలేజీల గూడ చూడలే. ఎన్నిసార్లు దువ్వుతున్నవ్ తాతా?"

"నాలుగు పూటలు" అంది ఎంకమ్మ వంటింట్లోంచి. "ఎందుకో అడుగు."

అడగాల్సిన పని లేకపోయింది. గేటు తీసుకుని పాండు వచ్చాడు, ఆలుగడ్డ తవ్వాక మొదటి సంచి మీకేనని చెప్పడానికి. చెప్పి ఊరుకోక, ఫోన్ తీసి స్నిగ్ధ చేతిలో పెట్టాడు. వీడియో ఊగుతోంది, గాలి చప్పుడుకు మాటలు వినబడవు. కానీ పంది స్పష్టంగా కనిపిస్తోంది, దాని ముందు కర్ర చాపి నిలబడ్డ తాత వీపూ కనిపిస్తోంది.

"మేమందరం ట్రాలీ ఎక్కినం" అన్నాడు పాండు. "కాక ఒక్కడే నిలవడ్డడు. కుక్కకు అడ్డం."

"‘ముందు నన్ను దాటు, తర్వాత దాని మీదికి పో’ అన్న పందితోటి" అన్నాడు మల్లప్ప. నిన్నటి నుంచి సెలూన్‌లో పదిసార్లు చెప్పడంతో ఆ మాట బాగా నున్నబడింది. ఎంకమ్మ కూడా నిన్నటి నుంచి రొట్టె మీద నెయ్యి అడగకుండానే వేస్తోంది.

స్నిగ్ధ వీడియోను రెండోసారి చూసింది. కళ్లు చెమర్చాయి. కోపం రావాల్సిన చోట అది రాలేదు. ఫోన్ పాండుకు ఇచ్చేసి, తాత పక్కన నేల మీద కూర్చుంది. దూది వచ్చి ఇద్దరి మధ్య ఇరుక్కుంది.

"బెంగళూరు మేడమ్‌కు ఫోన్ చేసి ఇయ్యనని చెప్త" అంది. "గని ఒక్కటి తాతా. నా చిన్నప్పటి నుంచి ఇంటున్న, ఒక్కటన్న కలపకుంట నువ్వు కథ చెప్పవు. దీని కంటికి ఏమైనా, కాలికి ఏమైనా నేను నీ మాట నమ్మి మందు చెప్పాలె. అట్లయితేనే ఇది నీ దగ్గర ఉంటది. ఇందుల ఏది కల్పించినవో ఇప్పుడు చెప్పు."

మల్లప్ప పాండు వైపు చూశాడు. వంటింటి గడపలో నిలబడ్డ ఎంకమ్మ వైపు, ఆమె చేతిలోని నెయ్యి గిన్నె వైపు చూశాడు. తర్వాత దూది వైపు చూశాడు. అది ఎప్పట్లాగే, మాటకు అడ్డం రాకుండా, ఆయన ఏం చెబితే అదే నమ్ముదామని చూస్తోంది.

"పంది నిజం, పిల్ల నిజం, పరుపు నిజం" అన్నాడు. "కుక్కకు అడ్డం నిలవడ్డ అన్నదొక్కటే కల్పించిన బిడ్డా. అందరి కంటే ముందు ఉరుకుదామనే చూసిన, దూది నా పాదం మీద కూసున్నది."